ఫిట్సా, దయ్యమా? అత్తగారింట్లో నలిగిపోతున్న ఒక కోడలికి

ప్రశ్న: వందనాలు అమ్మా. మాది గుంటూరు దగ్గర లూథరన్ కుటుంబం. నాకు పెళ్లై మూడేళ్లయింది. అత్తగారి వాళ్లది నరసరావుపేట వైపు, పెంతెకొస్తు సంఘం. మా ఆడపడుచుకు పంతొమ్మిదేళ్లు, డిగ్రీ చదువుతోంది. ఏడాదిగా ఉన్నట్టుండి పడిపోతుంది, కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, నోట్లోంచి నురగ వస్తుంది. డాక్టరుగారు ఫిట్స్ అని చెప్పి మాత్రలు రాశారు. ఐదు నెలలు బాగానే ఉంది. తర్వాత ఒక ప్రార్థన మందిరంలో ఇది రోగం కాదు దయ్యం, మందులు వాడటం అవిశ్వాసం అన్నారు. రెండు నెలల నుంచి మాత్రలు ఆపేశారు. ప్రతి శుక్రవారం ఆల్‌నైట్ ప్రేయర్‌కు తీసుకెళ్తున్నారు. అక్కడే ఎక్కువగా పడిపోతోంది. మూడు రోజులు ఉపవాసం కూడా పెట్టించారు. పోయిన వారం ఒకాయన చెంప మీద కొట్టి "నీ పేరు చెప్పు" అని గద్దించాడు. అత్తయ్య మార్కు సువార్త 9వ అధ్యాయం తీసి చూపిస్తారు. నేను మందుల మాటెత్తితే నా అనుమానమే సాతానుకు తలుపు తీసిందంటారు. మా నాన్నగారేమో సాతాను అంటే మనలో ఉండే చెడ్డ ఆలోచనే, వేరే ఎవరూ లేరంటారు. మా ఆయన ఎటూ మాట్లాడరు. ఎవరి మాట నిజం? నేనేం చెయ్యాలి?

సమాధానం:

అమ్మా, నువ్వు నా కూతురి ఈడు దానివి, అందుకని నువ్వనే అంటాను. సాతాను సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మాత్రల సంగతి.

ఈ వారంలోనే ఆ పిల్లను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ తిరిగి రావడమే కాదు, ఒకటి ఆగకుండానే ఇంకొకటి వచ్చే ప్రమాదం ఉంది. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే, మధ్యలో తెలివి రాకుండా మళ్లీ మళ్లీ వస్తే, ప్రాణం మీదకు వస్తుంది. అలా జరిగితే ఎవరినీ అడగకుండా 108కి ఫోన్ చెయ్యి. ఇంట్లో మిగిలిన మాత్రలు నీ అంతట నువ్వు మొదలుపెట్టించకు. రెండు నెలల ఖాళీ వచ్చింది కాబట్టి ఏ మోతాదుతో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. ముందు చూసినవారి దగ్గరకు వెళ్లలేకపోతే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది.

పడిపోయినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టు, తల కింద మెత్తటి గుడ్డ పెట్టు, టైమ్ చూసుకో. చేతిలో తాళం చెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య స్పూన్ దూర్చడం వద్దు. కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకోవద్దు.

ఇప్పుడు నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం దగ్గరకు వస్తాను. "అక్కడే ఎక్కువగా పడిపోతోంది" అన్నావు. అత్తయ్యగారికి అది రుజువులా కనబడుతుంది. ప్రార్థన వేడి తగిలేసరికి దయ్యం తట్టుకోలేక బయటపడుతోందని ఆమె అనుకుంటారు. తల్లి మనసు కదా, అలా అనుకోవడంలో వింతేమీ లేదు. కానీ నేను ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేశాను. ఫిట్స్ ఉన్నవాళ్లకు నిద్ర తప్పడం చాలా చెడ్డది. కొందరికి ఒక్క రాత్రి నిద్ర లేకపోతే చాలు, తెల్లవారుజామునో మర్నాడో ఫిట్స్ వస్తుంది. దానికి తోడు ఉపవాసం, నీరసం, మాత్రలు లేకపోవడం, చుట్టూ వందమంది అరుపులు, ఏం జరుగుతుందోనన్న టెన్షన్. ఆరోగ్యంగా ఉన్న మనిషికే కళ్లు తిరుగుతాయి. ఆ పిల్లకు శుక్రవారం రాత్రి రావడానికి కారణం వెతకాలంటే ఆమె మంచం దగ్గర వెతకాలి. ఆ రాత్రి ఆ మంచం ఖాళీగా ఉంటోంది.

దీన్ని అత్తయ్యగారికి వాదనలా చెప్పకు. ఒక నోట్‌బుక్ పెట్టు. ఫిట్స్ వచ్చిన తారీఖు, టైమ్, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకుంది, ఏం తింది, ఎంతసేపు కొట్టుకుంది, నాలుక కరుచుకుందా, ఇవన్నీ రాయి. మొదటి ఐదు నెలల సంగతీ గుర్తున్నంత వరకు రాయి. నెల తిరిగేసరికి ఆ పేజీలు ఆమే చదువుకుంటారు. వీలైతే ఒకసారి ఫోన్‌లో వీడియో తియ్యి. డాక్టరుకు అది చాలా పనికొస్తుంది, ఎందుకంటే పడిపోయేవన్నీ ఒకే జబ్బు కావు. మెదడులో విద్యుత్తు అదుపు తప్పడం వల్ల వచ్చేవి కొన్ని. మన ప్రాంతాల్లో బద్దెపురుగు గుడ్లు కడుపులోకి వెళ్లి, వాటి పిల్లలు మెదడులో గడ్డలు కట్టడం వల్ల కూడా వస్తాయి. మనసులో బయటికి చెప్పుకోలేని బరువు ఒంట్లోంచి బయటపడటం ఇంకో రకం. అది నటన కాదు. దానికీ వైద్యం ఉంది. ఆ వైద్యంలో చెంపదెబ్బలు లేవు.

ఇక నీ అసలు ప్రశ్న, ఎవరి మాట నిజమని. నా నమ్మకం దాచను. సాతాను ఉన్నాడనే నేను నమ్ముతాను. కాబట్టి మీ నాన్నగారి మాటతో నేను ఏకీభవించలేను. అది మీ లూథరన్ సంఘానికి మూలపురుషుడైన లూథర్ మాట కూడా కాదు. లూథర్ 1526లో సిద్ధం చేసిన బాప్తిస్మపు క్రమం, అపవిత్రాత్మను వెళ్లిపొమ్మని ఆజ్ఞాపించడంతోనే మొదలవుతుంది. ఆయన అపవాదితో పోరాడుతున్నట్టే బతికిన మనిషి. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో దిగిన ఆ రోజుల్లోనే, జర్మనీలో మోట్లింగెన్ అనే పల్లెలో బ్లూమ్‌హార్ట్ అనే లూథరన్ పాస్టరు ఒక యువతి కోసం దాదాపు రెండేళ్లు ప్రార్థన చేశాడు. దయ్యం పట్టిందని నమ్మే చేశాడు. కానీ అతను ఆమెను కొట్టలేదు, తరమలేదు. తర్వాత ఆమె వాళ్లింట్లోనే ఒక మనిషిగా బతికింది. మీ పుట్టింటివారి సంఘ చరిత్రలోనూ ఇలాంటివి ఉన్నాయని మీ నాన్నగారికి చెప్పు. "అదంతా మూఢనమ్మకం" అని ఆయన ఒక్క మాట అంటే, అత్తయ్యగారు నీ మాట ఇక ఎప్పటికీ వినరు.

అత్తయ్యగారి మాటలో కూడా ఆమె సొంత సంఘపు బోధకు అందని భాగం ఉంది. పెంతెకొస్తు సంఘాల్లో పెద్దదైన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్, తిరిగి జన్మించిన విశ్వాసిని దయ్యం పట్టి ఆడించలేదని 1972లోనే రాతపూర్వకంగా చెప్పింది. పరిశుద్ధాత్మ ఉన్నచోట దయ్యం కాపురం ఉండదన్నది వాళ్ల తర్కం. విశ్వాసిలో కూడా దయ్యాలు ఉంటాయి, ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి వెళ్లగొట్టాలి అని చెప్పేవారు వేరే ఉన్నారు, వాళ్ల బోధ టీవీల్లో, యూట్యూబ్‌లో ఎక్కువ వినబడుతుంది. మీ ఆడపడుచు బాప్తిస్మం తీసుకున్న పిల్లే కదా. "అత్తయ్యా, మన పిల్లలో ఉన్నది ఎవరు?" అని నెమ్మదిగా అడుగు. "మీలో ఉన్నవాడు లోకములో ఉన్నవానికంటె గొప్పవాడు" అన్న యోహాను మాట ఆమెకు కంఠతా వచ్చే ఉంటుంది.

కతోలికుల పద్ధతి కూడా తెలుసుకో. అక్కడ దయ్యాన్ని వెళ్లగొట్టే క్రమం ఉంది, 1614 నాటి దాన్ని సవరించి 1999లో కొత్తది ప్రచురించారు. కానీ బిషప్ అనుమతి లేకుండా ఏ ఫాదరూ ఆ పని చెయ్యకూడదు. ముందు అది జబ్బు కాదని తేల్చుకోవాలని వాళ్ల ధర్మోపదేశంలోనే రాసుంది. ఇది ఊరికే వచ్చిన జాగ్రత్త కాదు. 1976లో జర్మనీలోని క్లింగెన్‌బెర్గ్‌లో 23 ఏళ్ల కాలేజీ అమ్మాయి చనిపోయింది. మూర్ఛ అని డాక్టర్లు ముందే మందులిచ్చారు. పది నెలల్లో 67 సార్లు ఆమె మీద ఆ క్రమం జరిపించారు. చివరికి తిండీ నీళ్లూ లేక చిక్కిశల్యమై పోయింది. అది కూడా బిషప్ అనుమతితోనే జరిగింది. 1978లో కోర్టు తల్లిదండ్రులనూ ఇద్దరు ఫాదర్లనూ నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణానికి దోషులుగా తేల్చింది. ఆ తల్లిదండ్రులకు కూతురంటే ప్రేమ లేదని నేను అనుకోను. నాకు భయం వేసేది అందుకే.

మన పక్క రాష్ట్రంలోనూ చూశాం. తమిళనాడులోని ఏర్వాడి దర్గాకు నయమవుతుందని తీసుకొచ్చిన రోగులను చుట్టుపక్కల ఆశ్రమాల్లో గొలుసులతో కట్టి ఉంచేవారు. 2001 ఆగస్టు 6న ఒక దాంట్లో మంటలు లేస్తే గొలుసులు విప్పుకోలేక 28 మంది కాలిపోయారు. ఆ దర్గాకు వచ్చేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. గాలి సోకిందన్నా, చేతబడి అన్నా, సైతాన్ అన్నా, దయ్యం అన్నా, మంచం మీద ఉన్న మనిషికి జరిగేది ఒక్కటే అయిపోతుంది. మానసిక జబ్బు ఉన్నవాళ్లను ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మీ ఇంట్లో అంతదాకా రాలేదు. చెంపదెబ్బ దాకా వచ్చింది. దాన్ని చిన్నదనుకోవద్దు.

మార్కు 9 సంగతి. అత్తయ్యగారు చూపించేది న్యాయమైన చోటే, దాటవెయ్యకు. ఆ పిల్లవాడు నురగ కక్కుతాడు, పళ్లు కొరుకుతాడు, నిప్పుల్లో నీళ్లలో పడతాడు. అది ఫిట్స్‌లాగే ఉంది, దాన్ని దయ్యమనే రాశారు. మత్తయి అదే పిల్లవాణ్ని చాంద్రరోగి, అంటే మూర్ఛ రోగి, అన్నాడు. కానీ అదే మత్తయి నాలుగో అధ్యాయం చివర, యేసు దగ్గరకు తెచ్చినవాళ్లను లెక్కపెడుతూ దయ్యం పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు అని వేరువేరుగా చెప్పాడు. పడిపోయిన ప్రతివాడికీ దయ్యమే అనుకుంటే అలా విడదీసి చెప్పాల్సిన పని ఉండదు కదా.

అయినా నేను అత్తయ్యగారితో అయితే ఈ వాదన దగ్గర ఎక్కువసేపు ఆగను. ఆమె చెప్పినట్టే అది దయ్యమే అనుకుందాం. యేసు ఏం చేశాడో వరసగా చదవమంటాను. మొదట తండ్రిని అడిగాడు, ఇది వీడికి వచ్చి ఎంతకాలమైంది అని. డాక్టరుగారు మొదట అడిగే ప్రశ్న అదే. తండ్రి అనుమానంతోనే మాట్లాడాడు, నీవల్ల అయితే సహాయం చెయ్యి అన్నాడు. ఆ తర్వాత ఏడ్చినంత పనిచేసి, నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సహాయం చెయ్యి అన్నాడు. నీ అపనమ్మకమే తలుపు తీసింది, నీవల్లే నీ కొడుక్కి ఇలా అయిందని యేసు అతనితో అన్లేదు. సగం నమ్మకం, సగం అనుమానం ఉన్న ఆ తండ్రి కొడుకునే బాగుచేశాడు. నీ అనుమానం గురించి నీకు ఇంకా గిలి ఉంటే ఈ భాగం రాత్రి పడుకునే ముందు ఒకసారి చదువుకో.

ఆ పిల్లవాణ్ని ఆయన కొట్టలేదు. ఆకలితో మాడ్చలేదు. రాత్రంతా నిలబెట్టలేదు. గద్దించింది ఆత్మను, పిల్లవాణ్ని కాదు. చచ్చినవాడిలా పడిపోతే చెయ్యి పట్టుకుని లేపాడు. ప్రార్థన వల్లే ఇలాంటిది పోతుందని శిష్యులకు చెప్పాడు. అంటే ప్రార్థన బరువు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద పెట్టాడు, రోగి మీద కాదు. ఉపవాసం ఉండాలనిపిస్తే అత్తయ్యగారు ఉండొచ్చు, నువ్వూ ఉండొచ్చు. ఆ పిల్లకు మాత్రం వేళకు అన్నం పెట్టాలి.

ఇంకో రెండు మాటల గురించి చెప్పాలి. మన బైబిల్లో రాసిన దయ్యం అనే మాట, మన ఊళ్లలో దయ్యం అనే మాట ఒకటి కాదు. బడిలో ప్రకృతి, వికృతి చదివే ఉంటావు, దైవము నుంచి వచ్చిందే దయ్యము. ఊళ్లో ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేది బావిలో పడి చనిపోయిన కోడలు, ఉరేసుకున్న పిల్ల, చింతచెట్టు. బైబిల్లో దయ్యాలు చచ్చినవాళ్ల ఆత్మలని ఎక్కడా లేదు. కానీ మందిరంలో "పేరు చెప్పు" అని గద్దించేటప్పుడు అక్కడున్నవాళ్ల తలల్లో తిరిగేది ఆ బావే, ఆ చింతచెట్టే. భయంతో, నీరసంతో ఉన్న పంతొమ్మిదేళ్ల పిల్ల ఏదో ఒక పేరు చెబుతుంది. వాళ్లు అడిగింది అదే కాబట్టి. చెప్పాక ఆ చనిపోయినవాళ్ల కుటుంబంతో ఊళ్లో కొత్త గొడవ.

రెండో మాట అపవాది. అపవాదం వేసేవాడు అపవాది. గ్రీకు మూలంలో ఉన్న మాటకూ అర్థం అదే, నింద మోపేవాడు. యోబు గ్రంథంలో అతను దేవుడి ముందు నిలబడి చేసేది కూడా నింద మోపడమే. అక్కడ కూడా దేవుడు గీసిన గీత దాటి ఒక్క అడుగు వెయ్యలేకపోయాడు, ఆ సంగతీ చూడు. యోబుకు కురుపులు వచ్చినప్పుడు స్నేహితులు చుట్టూ చేరి, నీ పాపం వల్లే వచ్చిందని తెగ బోధించారు. చివర్లో దేవుడి కోపం రగిలింది ఆ స్నేహితుల మీదే. మీ ఇంట్లో ఇప్పుడు ఆ పిల్ల మీద ఒక నింద ఉంది, నీ మీద ఒక నింద ఉంది. అత్తయ్యగారు కావాలని వేశారని నేననను. కానీ ఇంట్లో నింద ఎవరి పనో ఆమెకు తెలుసు.

నాకు ఈ విషయంలో ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను. మా అక్కకు రెండో కాన్పు అయిన పదో రోజు నుంచి నిద్ర లేదు. ఎవరో పిలుస్తున్నారని లేచి వెళ్లిపోయేది, పిల్లను చంపేస్తారని ఏడ్చేది. మావాళ్లు ఒక ప్రార్థనా స్థలానికి తీసుకెళ్లారు. పదకొండు రోజులు కిటికీ ఊచకు కాలు కట్టి ఉంచారు. పాలు గడ్డకట్టి జ్వరం వస్తే అది కూడా దయ్యమే అన్నారు. ఆఖరికి మా నాన్న, ఆయన కూడా వాక్యం చెప్పేవారే, వెళ్లి తాడు విప్పి ఆసుపత్రికి తెచ్చారు. కొన్ని వారాల్లో మా అక్క మా అక్క అయింది. పిల్లలిద్దరినీ చక్కగా పెంచింది. కానీ ఇరవై ఏళ్ల తర్వాత ఆమె కూతురికి సంబంధం చూస్తున్నప్పుడు, "తల్లికి దయ్యం పట్టిందట కదా" అని అవతలివాళ్లు అడిగారు. జబ్బు వారాల్లో పోయింది, ఆ పేరు మాత్రం ఆమెతోనే ఉండిపోయింది.

ఈ పెళ్లి భయమే మీ ఇంట్లోనూ లోపల్లోపల పనిచేస్తుందని నా అనుమానం. ఫిట్స్ అంటే పెళ్లి కాదు, దయ్యం అంటే వదిలిపోయిందని చెప్పుకోవచ్చు, ఇలా లెక్కేసుకునే తల్లులను నేను చాలామందిని చూశాను. అత్తయ్యగారి మనసులో అదే ఉంటే బైబిల్ ఎంత చర్చించినా తెగదు. డాక్టరు దగ్గర ఆమెనే పక్కన కూర్చోబెట్టి, పెళ్లి, పిల్లలు, చదువు, ఉద్యోగం గురించి ఆమెతోనే అడిగించు. సరిగ్గా మందులు వాడితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పిల్ల ఐదు నెలలు అలా బతికి చూపించింది కూడా. ఏళ్ల తరబడి రాకపోతే కొందరికి మందులు మెల్లగా ఆపేస్తారు. పెళ్లికి ముందే డాక్టరుతో మాట్లాడితే గర్భం సమయంలో పనికొచ్చే మందులు ఎంచుకుంటారు. ఈ మాటలు నీ నోటి నుంచి వస్తే వాదన. డాక్టరు నోటి నుంచి వస్తే ఆమెకు ఊపిరి ఆడుతుంది.

మందులు అవిశ్వాసమని ఎవరైనా అంటే, గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి ఎవరు కట్టారో అడుగు. 1883లో సువార్త పనికి వచ్చిన డాక్టరమ్మ ఆమె. 1898లో ఆసుపత్రి తెరిచింది, 1930లో ఇక్కడే కన్నుమూసింది. ప్రార్థన చేసిన చేతులతోనే మందు ఇచ్చింది. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే. తిమోతి కడుపు జబ్బుకు పౌలు మందుగా చెప్పింది కొంచెం ద్రాక్షారసం.

మీ ఆయన సంగతి. ఆయన మాట్లాడకపోవడం నీకు కోపం తెప్పిస్తోంది, అర్థమవుతోంది. కానీ తల్లితో వాదించమని ఆయన్ని అడగకు. చెల్లెల్ని బండి మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లమను, ఆ ఒక్క పని చాలు. ఆ కొట్టినాయన మళ్లీ చెయ్యెత్తితే మాత్రం నోరు తెరవాల్సింది ఆయనే. నా చెల్లి మీద చెయ్యి వెయ్యకండి, ప్రార్థన చెయ్యండి, చాలు అనాలి. ఇది కోడలు చెబితే తగాదా అవుతుంది, అన్న చెబితే మాట అవుతుంది.

ఆ పిల్లను ఎవరైనా అడిగారా, నీకేమనిపిస్తోందని? నీ ఉత్తరమంతా వెతికాను, ఆమె మాట ఒక్కటీ లేదు. వదినవి కదా, ఒకరోజు మేడ మీద కూర్చుని అడుగు. కాలేజీలో పడిపోతానేమోనని భయపడుతోందో, నాలో నిజంగానే ఏదో ఉందని నమ్మేసిందో, చచ్చిపోవాలనిపిస్తోందో వినాలి. ఆ చివరి మాట వస్తే ఒంటరిగా వదలకు. 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

వచ్చే శుక్రవారానికి ఒక్కటే ప్రయత్నించు. ప్రార్థన మానమని అత్తయ్యగారిని అడగొద్దు. ఆ రాత్రి ప్రార్థన ఇంట్లోనే పెట్టుకుందామను. తొమ్మిదింటికల్లా పిల్లకు అన్నం పెట్టు. డాక్టరు మాత్రలు మళ్లీ మొదలుపెట్టి ఉంటే ఆ మాత్ర, మంచినీళ్లు అత్తయ్యగారి చేతికే ఇవ్వు, ఆమే వేయించి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యమను. తర్వాత లైటు తీసెయ్యండి. మీరిద్దరూ కావాలంటే వంటింట్లో కూర్చుని తెల్లవార్లూ ప్రార్థించుకోవచ్చు, పిల్లను మాత్రం నిద్రపోనివ్వండి. శనివారం పొద్దున నోట్‌బుక్‌లో ఏం రాశావో నాకు రాసి పంపు.